ఆరని నూలు

"నూలు ఆరుతలేదు మేడం."

ఫోన్లో సారమ్మ అన్నది ఈ ఒక్క ముక్కే. ఆ ముక్క పట్టుకుని డిటెక్టివ్ షాహెదా వనపర్తిలో బస్సెక్కి మధ్యాహ్నానికల్లా గద్వాలలో దిగింది. హత్యకేసు నెత్తిన పెట్టుకుని తిరిగే మనిషికి తడినూలుతో ఏం పని అని ఎవరైనా నవ్వుతారు. ఈ కేసు చూస్తున్న గద్వాల సీఐ దేవరాజు అయితే కడుపు పట్టుకుని నవ్వుతాడు. నవ్వనీ. రేపు పొద్దున కోర్టు తలుపులు తెరిచేదాకా అతనికి నవ్వే హక్కుంది.

రేపు అతను వేయబోయే చార్జిషీటులో కథ చాలా చిన్నది. సింధూజ అనే అమ్మాయి, ఏడో నెల గర్భిణి, వానలు మొదలైన రోజుల్లో వనపర్తిలోని ఇంట్లోంచి కనపడకుండా పోయింది. భర్త రవికి అక్కడే ఫోటో స్టూడియో ఉంది. ఆమె పుట్టింటివాళ్లను కాదని చేసుకున్న పెళ్లి. ముందురోజు మొగుడూ పెళ్లాలు గొంతులు పెంచుకున్నారని పక్కింటివాళ్లు చెప్పారు. శ్రావణంలో కృష్ణకు వరదొచ్చినప్పుడు బీచుపల్లి వంతెన దిగువన, కంపచెట్టుకు చిక్కుకుని ఆమె పెళ్లినాటి గద్వాల చీర దొరికింది. చెంగు మీద నీళ్లలో నానినా పోని నెత్తుటి మరక. శవాన్ని నది తీసుకుపోయిందన్నారు. చీర తన బిడ్డదేనని సింధూజ తండ్రి రామచంద్రయ్య నలుగురిలో గుండెలు బాదుకున్నాడు. రవి జైలుకు పోయాడు. అక్కడ అన్నం మానేశాడు.

"నా కొడుకు చీమకు తొవ్వ ఇచ్చి నడుస్తడు తల్లీ. కోడలు యాడనో ఉన్నది, దేవులాడు" అంటూ రవి తల్లి బుజ్జమ్మ షాహెదా రెండు చేతులూ పట్టుకుంది. ఆ పట్టు ఇంకా ఈమె చేతుల్లోనే ఉండిపోయింది.

వెతకడమూ అయింది. సింధూజ మేనత్త స్వరూప, అంటే రామచంద్రయ్య చెల్లెలు, గద్వాలలోనే ఉంది. ఆ ఇంటికి షాహెదా రెండుసార్లు పోయింది. రెండుసార్లూ గుమ్మం దాటనివ్వకుండానే మంచిమాటలు చెప్పి పంపారు. తిరిగి పోతూ పోతూ, పక్కింట్లో నూలుకు రంగులద్దే సారమ్మకు తన నంబరు ఇచ్చి, "ఆ ఇంట్ల ఏ కొత్త ముచ్చట కనపడ్డా నాకు చెప్పక్కా" అని వచ్చింది. ఇన్నాళ్లకు సారమ్మ చెప్పింది. కొత్త ముచ్చట ఏమిటయ్యా అంటే, నూలు ఆరడం లేదు.

ఆ యేడు రంజాను నెల మొదలూ వినాయక చవితీ ఒకే వారంలో పడ్డాయి. షాహెదా రోజా ఉంది. తెల్లవారకముందు తిన్న రొట్టె ఎప్పుడో అరిగిపోయి, ఒళ్లు తేలికైపోయి, నేలకు బెత్తెడు ఎత్తున నడుస్తున్నట్టుంది. వాన వెలిసిన మధ్యాహ్నం. గాలి లేదు. సారమ్మ డాబా మీద దండేనికి వేలాడుతున్న నూలు కట్టలు, ఆ చిలపలు, ఎర్రగా, పచ్చగా, నెమలి రంగుగా, ఎవరో రాత్రి కన్న కలను ఉతికి ఆరేసినట్టున్నాయి.

ఆ దండేనికి ఎదురుగా, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, స్వరూప ఇంటి మేడగది గోడ. గోడకు బిగించిన ఏసీ బయటి డబ్బా.

"చూడు మేడం, ముట్టి చూడు. నిన్న పొద్దుగాల ఏసిన" అంది సారమ్మ. "ఆ మిషన్ నడిస్తే గడియల ఆరాల్నా లేదా? ముందుగాల గట్లనే ఆరుతుండె. వాళ్ల ముసలమ్మ బతికున్నప్పుడు ఎండకాలం మిషన్ ఏస్తే, దాని వడగాడ్పుకు నా నూలు పెళపెళలాడుతుండె. పైసా ఖర్చు లేదు. ముసలమ్మ పోయింది, మిషన్ బందైంది. మల్ల చవితి ఎల్లినంక నడుస్తుంది. హమ్మయ్య, వానకాలం గూడ నా పని అయితదని సంబరపడి చిలపలన్నీ తెచ్చి ఈడ కట్టిన. యేడ! తడి పోకపాయె, ఇంకింత సల్లబడె."

"సప్పుడు గూడ చేస్తుందన్నవ్?"

సారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గొంతు తగ్గించింది.

"ఒక తీరుగ గాదు, మూడు తీర్లు. ముందుగాల ఉస్సుమని నిట్టూరుస్తది. అచ్చం ముసలమ్మనే. ఆనక మూలుగుతది. ఆనక సన్నగ, పిల్లికూన లెక్క... గది జర్రసేపే. ముసలమ్మకు చలంటే పడకపోయేది మేడం. చలికాలం వేడి, ఎండకాలం సల్లన ఇచ్చే మిషనని ఆమె కొడుకు పట్నం నుంచి తెప్పించిండు. ఆమె పానం ఆ మిషన్లనే ఉండిపోయిందని వాడకట్టంత అంటున్నరు. నేను దేవుని బిడ్డను, దయ్యాలను నమ్మ. కాని ఆ మూలుగు ఇంటే నాకు గూడ ప్రార్థన యాదికొస్తది."

షాహెదా నవ్వలేదు. వనపర్తి పాలిటెక్నిక్‌లో మిషన్ల చదువు చదివి, ఇన్సూరెన్సు కంపెనీ తరఫున కాలిపోయిన ఫ్రిజ్‌లకూ పేలిన మోటర్లకూ పంచనామా చేసి చేసి విసిగి ఈ వృత్తిలోకి వచ్చిన మనిషి ఆమె. మిషను అబద్ధం చెప్పదని, అబద్ధమంతా దాని పక్కన నిలబడ్డవాళ్లదేనని ఆమె నమ్మకం. సంచీలోంచి పొడవాటి స్క్రూడ్రైవరు తీసింది. పిట్టగోడ మీంచి వంగి, మొన డబ్బా రేకుకు ఆనించి, పిడి చెవికి ఆనించుకుని కళ్లు మూసుకుంది.

మొదట ఏమీ లేదు. తర్వాత లోపలెక్కడో టక్కుమంది. ఆ వెంటనే నిట్టూర్పు.

ఉస్స్...

ఉపవాసం మహిమో ఏమో, ఒక్క క్షణం అది మనిషి ఊపిరిలాగే తోచింది. చాలా దూరం నడిచి వచ్చి అరుగు మీద కూలబడిన ఆడమనిషి విడిచిన ఊపిరి. షాహెదా తనను తాను చివాట్లు పెట్టుకుని మళ్లీ విన్నది. లోపలి గ్యాసు ఒక పక్క నుంచి మరో పక్కకు తోవ మార్చుకుంటే వచ్చే సప్పుడది. చల్లదనం ఇచ్చే మిషను వేడికి మళ్లేటప్పుడే ఈ ఊపిరి విడుస్తుంది. ఆ తర్వాత మూలుగు మొదలైంది. బరువెక్కువైన బండి గడ్డెక్కుతున్న మూలుగు.

స్క్రూడ్రైవరు పక్కన పెట్టి అరచెయ్యి చాచింది. ఒళ్లంతా చెమట కారే ఉక్కలో డబ్బా చల్లటి గాలి ఊదుతోంది.

"సారమ్మక్కా, ఈ మిషన్ అప్పు తెచ్చుకునే మనిషి లాంటిది. ఒక దిక్కు నుంచి తెచ్చి ఇంకో దిక్కు పోస్తది. లోపల సల్లగ పెడితే బయట వేడి కక్కుతది. అప్పుడు నీ నూలు ఆరుతది. లోపల వేడి పెడితే?"

"బయట సల్లగ ఊదుతది" అంది సారమ్మ, అర్థమై కాకుండా. "గీ ఉక్కల వేడి ఎందుకు పెడ్తరు మేడం? మతి పోయిందా వాళ్లకు?"

"అదే నాకూ కావాలె."

వంగి కింద చూసింది. డబ్బా అడుగు నుంచి నీటిచుక్కలు జారుతున్నాయి. గోడ మీద పచ్చగా కొత్త పాకుడు పట్టింది. దాని పక్కనే, గదిలోంచి బయటికి వచ్చిన సన్నటి నీళ్ల గొట్టం ఉంది. లోపల చల్లగా పెట్టుకుంటే గదిలోని తేమంతా నీరై ఈ గొట్టంలోంచే కారాలి. గొట్టం మూతి పొడిగా ఉంది. దాని మీద సాలెపురుగు తీరుబడిగా గూడు అల్లుకుంది. ఎన్నాళ్లుగానో ఒక్క చుక్క కూడా అందులోంచి రాలేదు.

చిలపలన్నిటిలో ఒకటి విడిగా, అందరికంటే మంచిచోట వేలాడుతోంది. పండుమిరప రంగు. షాహెదా చూపు దాని మీద నిలవడం చూసి సారమ్మ మొహం విప్పారింది.

"గది అమ్మేది గాదు. మా ఎస్తేరుకు. నా బిడ్డ. ఈ స్వరూపమ్మ ఇంట్లనే బాసాన్లు తోముతుండె. రామచంద్రయ్య పటేలు రాయచూరుల పత్తిమిల్లుల పని ఇప్పిచ్చిండని శ్రావణంల పోయింది. ఫోన్ లేదంట ఆడ. స్వరూపమ్మకు కబుర్లు వస్తయి, మంచిగుందని చెప్తది. క్రిస్మస్‌కు వస్తది గద, అప్పటికి చీర నేపిస్త."

షాహెదా తలూపి మెట్లు దిగింది.

*

ఈసారి స్వరూప గుమ్మంలో నిలబెట్టి మాట్లాడలేకపోయింది. కారణం, షాహెదా చేతిలో స్క్రూడ్రైవరు ఉంది, నోట్లో వాడకట్టంతా వినేంత గొంతు ఉంది.

"మీ మిషన్ గ్యాస్ లీకయ్యేటట్టుంది స్వరూపమ్మా! పక్కింటోళ్లు పరేషాన్ అవుతున్నరు! జర చూసి పోత!"

నలభై దాటిన స్వరూప మనిషి మర్యాదస్తురాలు. మెడలో గొలుసు, నడుముకు తాళాల గుత్తి. కళ్ల కింద మాత్రం నిద్రలేని నలుపు. భర్త వ్యాపారం పని మీద హైదరాబాదులో ఉంటాడు. ఇంట్లో తనొక్కతే.

"లోపలికి రండి. ఛాయ్ తాగుతరా?"

"రోజా ఉన్న."

"అయ్యో, యాదిలేదు."

రోజా ఉన్న మనిషి ముక్కు ఊరికే ఉండదు. వంటింట్లోంచి వస్తున్న వాసనలు ఒక్కొక్కటిగా విడివిడిగా తగిలాయి. నెయ్యిలో వేగిన వెల్లుల్లి. దోరగా వేయించిన వాము. శొంఠి. ఒంటరి ఆడమనిషి మధ్యాహ్నం పూట తనకోసం ఇంత తీరుబడిగా వండుకోదు.

"మేడగది మిషన్ ఎవరేస్తున్నరు?"

"నేనే. మా అత్తమ్మ పట్టుచీరలు ఉన్నయి ఆడ. తేమకు బూజు పడ్తయని రోజు జర్రసేపు వేస్త."

"చల్లగనే పెడ్తున్నరా?"

"ఏసీని చల్లగ గాక ఎట్ల పెడ్తరు?"

"మొన్న వచ్చినప్పుడు ఆ గది తాళం ముసలమ్మ పోయినప్పటి నుంచి తియ్యలేదన్నరు."

స్వరూప మెడ మీద ఒక నరం కదిలింది. "గది తియ్యలేదంటే... ఉండనీకె తియ్యలేదని."

"వాము ఎవరికి?"

"నాకే. కడుపుల బాగలేదు."

"నేతి వెల్లుల్లి గూడ కడుపు నొప్పికేనా?"

"ఏసీ చూడనీకొచ్చిన్రా, నా వంట చూడనీకొచ్చిన్రా?"

"రెండు ఒక్క ఇంట్లనే ఉన్నయి గద" అంది షాహెదా చల్లగా. తర్వాత, ఎందుకు అడుగుతోందో తనకే తెలియకుండా, "సారమ్మ బిడ్డ ఎట్లుంది రాయచూరుల?" అంది.

"మంచిగుంది. అన్ననే దగ్గరుండి బస్సెక్కిచ్చిండు." ఈ జవాబు మాత్రం తడబాటు లేకుండా వచ్చింది. స్వరూప నమ్మిన మాటే చెబుతోందని షాహెదాకు అనిపించింది. ఆ సంగతి మనసులో ఒక మూల పెట్టుకుంది.

"మేడ మీదికి పోయి చూస్త."

"పోవద్దు." స్వరూప మెట్లకు అడ్డంగా నిలబడింది. "సీఐ సాబ్‌కు ఫోన్ చేస్త. మీరు ఊరికే మా ఇంటి చుట్టు తిరుగుతున్నరని ఆయనకు ముందే ఎరుక."

"చెయ్యండి. నేను గూడ ఆయన్ని కలవాల్ననే ఉన్న."

స్వరూప లోపలికి పోయి మాట్లాడింది. ఒకసారి కాదు, రెండుసార్లు. మొదటి మాట గుసగుస, రెండోది గట్టిగా. షాహెదా మెట్ల మొదట్లో కూర్చుని గోడకు తల ఆనించింది. పొద్దువాలే అసర్ నమాజు వేళకు రోజా మనిషిని ఒక చిత్రమైన ఒడ్డుకు చేరుస్తుంది. మెలకువా కాదు, నిద్రా కాదు. మూసిన రెప్పల వెనక కృష్ణ పారుతోంది. ఎర్రని నీళ్ల మీద ఒక చీర, మడత విప్పుకుంటూ, కట్టుకునే మనిషి లేకుండా తనే నడిచిపోతోంది. ఒడ్డున ఎవరో పాట కూడా కాని పాట, పెదవి కదలకుండా గొంతులోనే తిప్పే జోల ఊగిస్తున్నారు. ఆ జోల నది ఒడ్డున కాదు, తన తలకు పైన, మెట్ల చివర ఉన్న గదిలో ఉంది. కళ్లు తెరిచింది. మిషను ఉస్సురంది. ఆ మూలుగు కింద జోల మునిగిపోయింది.

సింధూజ బతికే ఉంది. కానీ రోజాలో కన్న కలను కోర్టు సాక్ష్యంగా తీసుకోదు.

*

"ఏసీ రిపేరుకు గూడ డిటెక్టివ్‌లను పిలుస్తున్నరా ఈ నడుమ?"

దేవరాజు లోపలికి వస్తూనే అన్న మాట. ఎత్తయిన మనిషి, వేసిన బట్టలు నలగనివ్వడు, పట్టిన పట్టు వదలడు. లంచం ముట్టడని పేరు. ఆ పేరే అతని జబ్బు. తను నిజాయితీపరుడు కాబట్టి తను అనుకున్నదే నిజమని అతని లెక్క.

"దయ్యాన్ని పట్టనీకె పోలీసులు రారు గద సాబ్. అందుకే నన్ను పిలిచిన్రు."

"మేడం, మర్యాదగ చెప్తున్న. రేపు చార్జిషీటు. చీరుంది, నెత్తురుంది, గొడవ విన్న సాక్షులున్నరు. కన్నతండ్రి గుర్తుపట్టిండు. మీరేమో బిడ్డ పోయిన ఇంట్ల జొరబడి వీళ్ల ఉసురు పోసుకుంటున్నరు. వారెంటు ఉన్నదా మీకాడ?"

"లేదు."

"మరి నడువుండ్రి."

"నడుస్త. ఒక్కటే అడుగుత. ఆ కిటికీల నుంచి చెయ్యి పెట్టి చూసి చెప్పండి, ఆ మిషన్ ఏం చేస్తుందో. గంత చెప్తే ఈ కేసుల నా మొహం మళ్ల మీకు కనపడదు."

బేరం దేవరాజుకు నచ్చింది. మెట్ల మలుపులో కిటికీ ఉంది. దాని పక్కనే బయటి డబ్బా. స్వరూప ఏదో అనబోయేలోపే అతను రెండేసి మెట్లు ఎక్కి, ఊచల్లోంచి చెయ్యి బయటికి చాచాడు.

"సల్లగ కొడ్తుంది. ఏసీ అన్నంక సల్లగ గాక?"

"మీ ఇంట్ల ఏసీ ఉంది గద సాబ్. దాని బయటి డబ్బా ముందు ఎప్పుడన్న నిలబడ్డరా?"

దేవరాజు చెయ్యి ఊచల మధ్యే ఆగింది. మొండివాడే గాని మొద్దు కాదు. "వేడి వస్తది" అన్నాడు మెల్లగా. "అంటే ఇది ఉల్టా నడుస్తుంది. లోపల వేడి పెట్టిన్రు."

"స్వరూపమ్మ సల్లగ పెడ్తున్న అని చెప్పింది. నీళ్ల గొట్టం మీద సాలెగూడు ఉంది చూడండి. చెమటలు కారే కాలంల, కిటికీలు మూసిన గదిల, మిషన్ మూలుగుతున్నా ఇడువకుండ వేడి పెట్టుకుంటున్నరు. పొద్దుగాల పెడ్తరు, సాయంత్రం పెడ్తరు. వంటింట్ల నేతి వెల్లుల్లి, వేయించిన వాము, శొంఠి. సాబ్, మనూర్లల్ల వానకాలం గూడ తలుపులు కిటికీలు మూసి, చెవులల్ల దూది పెట్టి, మంచం కింద కుంపటి పెట్టి ఎవరిని పండబెడ్తరు?"

"బాలింతను" అని అతని నోటి నుంచి ఆలోచించకుండానే వచ్చేసింది. "మా రెండోడు పుట్టినప్పుడు మా అమ్మ గట్లనే..."

అతను పైన మేడగది తలుపు వైపు చూశాడు.

"కుంపటి పెడితే పొగొస్తది" అంది షాహెదా. "సాంబ్రాణి ఏస్తే వాడకట్టుకు వాసనొస్తది. ఇంట్ల బాలింత ఉందని అందరికి తెలుస్తది. బాలింతకు చలిగాలి సోకొద్దని పెద్దల మాట దాటలేకపోయిన్రు. పొగ లేని కుంపటి దొరికింది వీళ్లకు. ఏడో నెలల మాయమైన పిల్ల ఈపాటికి ఏమై ఉండాల్నో మీరే లెక్కెయ్యండి."

"ఊహ" అన్నాడు దేవరాజు. గొంతులో మునుపటి బిరుసు లేదు. "ఇదంత ఊహ. నూలు ఆరలేదని, వాము వాసనొచ్చిందని నేను తాళాలు పగలగొట్టాల్నా?"

అప్పుడు కరెంటు పోయింది.

ఆ రోజుల్లో కరెంటు పోవడం వార్త కాదు. పంకా నెమ్మదించింది. బయటి డబ్బా చివరిసారి ఒకసారి వణికి, టక్కుమని ఊరుకుంది. మూలుగు ఆగింది. నిట్టూర్పు ఆగింది. ఇల్లంతా చెవులు రిక్కించినట్టయింది.

మూడో సప్పుడు మాత్రం ఆగలేదు. పిల్లికూన కాదు. మేడగది తలుపు వెనక, ఈ లోకానికి వచ్చి పట్టుమని పక్షం కూడా కాని గొంతు, ఆకలేస్తోందని గట్టిగా, నిర్భయంగా చెబుతోంది.

స్వరూప మెట్ల మీద కూలబడింది. తాళాల గుత్తి తనే విప్పి దేవరాజు వైపు చాచింది. "నా పిల్లగాదా అది? నేనేం కీడు చేసిన? కంటికి రెప్ప లెక్క చూసుకున్న" అని ఏడ్చింది. అందులో అబద్ధం లేదు. అదే ఆ ఏడుపులోని ఘోరం.

*

గదిలో పొయ్యి పక్కన ఉండే వెచ్చదనం. చీకటి. చిన్నపిల్లల నూనె వాసన. మంచం మీద చెవులకు గుడ్డ కట్టుకున్న అమ్మాయి బిడ్డను పొదువుకుని లేచి కూర్చుంది. ఫోటోలో షాహెదా వందసార్లు చూసిన మొహమే. కానీ ఫోటోలో లేనిదొకటి కనిపించింది. నుదుట బొట్టు లేదు. చేతులకు గాజులు లేవు.

"సింధూజా?"

"మీరెవరు?"

"మీ అత్తమ్మ బుజ్జమ్మ పంపింది నన్ను."

అమ్మాయి కళ్లు నిండిపోయాయి. "అందిందా కబురు? ఇన్ని దినాలు రాకపోయేసరికి, కొడుకే పోయినంక కోడలితోని ఏం పనని ఊకున్నదేమో అనుకున్న."

షాహెదా మంచం దగ్గరికి జరిగింది. "ఎవరు పోయిన్రు బిడ్డా?"

"ఆయన. రవి." గోడ మీది తడిమచ్చను చూస్తూ పాఠం ఒప్పగించినట్టు చెప్పింది. "ముందురోజు మా ఇద్దరికి లొల్లి అయింది. పొద్దుగాల ఆయన దుకాణం పోయినంక నాయిన వచ్చిండు. కోపాలు ఒద్దు, తొలికాన్పు పుట్టింటోళ్లే చెయ్యాల్నని బతిలాడి తీస్కొచ్చి, గద్వాలల పెద్ద దవాఖాన ఉందని ఈడ మేనత్త ఇంట్ల దింపిండు. నాలుగు దినాలకే చెప్పిన్రు, ఆయన బండి మీద నన్ను చూడనీకె వస్తుంటే లారీ గుద్దిందని. కడుపుతోని ఉన్నదానివి, శవాన్ని చూడొద్దన్నరు. కాన్పయ్యేదాక గడప దాటొద్దన్నరు."

తలుపు దగ్గర నిలబడ్డ దేవరాజు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

షాహెదా మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. "బేటా, మంచిగ ఇను. రవి బతికే ఉన్నడు. నిన్ను చంపిండని జైల్ల పెట్టిన్రు. నువ్వు లేవని అన్నం ముడతలేడు."

సింధూజ షాహెదా పెదవులనే చూసింది, ఆ మాట మళ్లీ అక్కడి నుంచి వస్తుందేమోనని. తర్వాత బిడ్డ మొహం మీది గుడ్డ పక్కకు జరిపి, చెవి దగ్గర వంగి, "నాయిన ఉన్నడంట రా" అంది. ఒక్కసారి కాదు. గొంతు తడారిపోయేదాకా అదే మాట. షాహెదా తల తిప్పుకుని కళ్లు తుడుచుకుంది. దేవరాజు కిటికీ తెరిచాడు. బాలింతకు గాలి సోకుతుందని ఎవరూ వారించలేదు.

అతను తిరిగి పోలీసువాడు కావడానికి కొంచెం సమయం పట్టింది.

"అమ్మా, ఒక్క మాట. నీ పెండ్లి చీర మాకు కృష్ణల దొరికింది. నెత్తురుతోని. అది అక్కడికెట్ల పోయింది?"

సింధూజకు ప్రశ్న అర్థం కాలేదు. "కృష్ణల ఎందుకుంటది? అది నేను ఇచ్చిన గద. నేను ఈడున్నట్టు అత్తమ్మకు కబురు చెప్పిరమ్మని పంపిన. ఎరుకలేని మనిషి మాట ఆమె ఎట్ల నమ్ముతది? పెండ్లికి అత్తమ్మ పెట్టిన చీర అది, చూడంగనే గుర్తు పడ్తది. నేను ఇగ కట్టేది లేదు, నువ్వే కట్టుకొని పో అన్న. ఎంత మురిసిందో! అద్దం ముందట నిలబడి ఒకటే నవ్వుడు. ఎవరికి తెల్వకుండ పోవాల్ననుకున్నం. నాయిన గేటుకాడ చూసిండట. నేనే బస్టాండుల దింపుత అని జీపుల ఎక్కించుకున్నడంట."

"ఎవరిని?" అన్నాడు దేవరాజు.

షాహెదా అడగలేదు. అడగక్కర్లేకుండానే ఆమెకు తెలిసిపోయింది. మనసు మూలన పెట్టుకున్న జవాబు లేచి నిలబడింది. అన్ననే దగ్గరుండి బస్సెక్కిచ్చిండు.

"ఎస్తేరును" అంది సింధూజ. "అత్తమ్మకాడ్నే ఉన్నదా అది? వచ్చిందా మీతోని?"

మెట్ల మీద స్వరూప నోట్లోంచి ఒక సప్పుడు వచ్చింది. అది ఏ మిషనూ చేయగలిగింది కాదు. "రాయచూరు అన్నడు... పనిల పెట్టిచ్చిన అన్నడు... నాకు గంతే చెప్పిండు సాబ్, ఒట్టు..."

"రామచంద్రయ్య ఇప్పుడు యాడున్నడు?" దేవరాజు గొంతు మారిపోయింది.

"తొవ్వల ఉన్నడు. మా తల్లిగారూరు ధరూర్ నుంచి వస్తుండు. మీకంటే ముందు ఆయనకే చేసిన ఫోన్." స్వరూప వాకిలి వైపు చూసి, మేనకోడలి వైపు చూసింది. "పిల్లను ఎవ్వరు చూసినా, ఎవ్వరితోని మాట్లాడినా నాకు చెప్పు, నేను చూసుకుంట అన్నడు."

దేవరాజు నడుముకున్న పిస్తోలు ఒర బొత్తాం విప్పి, వాకిట్లో ఉన్న ఇద్దరు కానిస్టేబుళ్లను లోపలికి కేకేసి, మెట్లు దిగాడు. దిగుతూ ఒకసారి ఆగి వెనక్కి తిరిగాడు. "తలుపు లోపల నుంచి గడియ పెట్టుకోండ్రి, షాహెదా గారు." ఆమెను పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

ఆమె తలుపు వేయబోయింది. తెరిచిన కిటికీ బయట మబ్బు తొలగి ఎండ పడింది. అవతలి డాబా మీద సారమ్మ దండేనికి ఇవతల నిలబడి, ఎర్రటి చిలపను రెండు చేతులతో పైకెత్తి, ఎండలో అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది. కిటికీలో మనిషిని చూసి మొహమంతా నవ్వు చేసుకుంది.

"మేడం! మిషన్ బందు చేయించిన్రా? మంచి పని చేసిన్రు! ఇగో చూడు, మా ఎస్తేరు నూలు ఆరుతుంది!"